రంగస్థలపు మైకు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మైకు గారి దివ్య సముఖమునకు,

మిర్యాలగూడ నుంచి ఒక చిన్న నటి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. వేదిక పైకప్పు నుంచి తాడుకు వేలాడే తమ క్షేమాన్ని నాటక పోటీల నిర్వాహకులు చూసుకొంటున్నారని తలుస్తాను.

తమ ప్రాభవం సామాన్యమైనది కాదు. తల్లి మరణశయ్యపై ఉన్నా కొడుకు ఆమె వైపు పోకుండా, నడిమధ్యకు వచ్చి, మెడ ఎత్తి, తన శోకాన్ని తమకే విన్నవించుకొంటాడు. హంతకుడు సైతం కత్తి దూసే ముందు తమ కిందికి వచ్చి నిలబడతాడు. రచయిత ఇంటిని, పొలాన్ని, కోర్టును ఊహించి రాసినా, కథలన్నీ చివరకు తమ కింది మూడడుగుల జాగాలోనే జరుగుతాయి.

ఆ జాగా నాకు ఎన్నడూ దక్కలేదు. సీనియర్ నటులను తోసుకొని ముందుకు రావడానికి బిడియపడి, సైడువింగు పక్కన నిలబడి నేను చెప్పిన మాటలు తమ చెవిన పడలేదు; తమ చెవిన పడనివి న్యాయనిర్ణేతల కాగితం మీదికి ఎక్కలేదు. "అమ్మాయికి గొంతు లేదు" అనే తీర్పు అలా ఖాయమైంది. నాయిక పాత్రకు బయటి ఊరి నటిని రప్పించి ఒక్క రిహార్సల్‌తో సరిపెట్టేవారు గాని నన్ను అడిగేవారు కారు. నేను మంచినీళ్ల గ్లాసు అందించే కోడలిగా స్థిరపడ్డాను. (ఆ గ్లాసు చప్పుడును మాత్రం తమరు చక్కగా వినిపించేవారు.)

తమరు రాకముందు నాటకాలు లేవా అంటే, 1885లో కడప జిల్లా సురభిలో మొదలైన నాటక కుటుంబాల స్త్రీలు తమ సాయం లేకుండానే ఊరూరా ఆడారు. 1956లో పద్మశ్రీ అందుకొన్న స్థానం నరసింహారావు గారు పురుషుడై ఉండి సత్యభామగా జనాన్ని మెప్పించారు. పురుషుడే స్త్రీగా అంత దర్జాగా నిలబడిన రంగం మీద, స్త్రీ స్త్రీగా నిలబడటానికి సిగ్గుపడటం ఏమి న్యాయమో తమరే చెప్పాలి.

నిరుడు మా దర్శకులు రిహార్సళ్లకు ఒక రైసుమిల్లు పక్కనున్న రేకుల షెడ్డును కుదిర్చారు. (మా ఊళ్లో మిల్లు పక్కన కాని షెడ్డు దొరకడం కష్టమే లెండి.) పాఠం కాగితాల మీద తవుడు పేరుకొనేది. ఆయన దూరంగా, లారీల కాంటా దగ్గర నిలబడి, నేను వాక్యం చివర మాట మింగినప్పుడల్లా చేయెత్తేవారు. అరిస్తే ఒప్పుకొనేవారు కారు; ఊపిరి పొట్టలోంచి రావాలనేవారు. పైగా నా సంభాషణలకు పట్టిన పాలిష్ అంతా తీసేసి, మా ఇంట్లో మాట్లాడే భాషలోనే చెప్పమన్నారు. నాలుక మీద మొహమాటం లేకపోతే గొంతులోనూ ఉండదని అప్పుడు తెలిసింది.

నల్లగొండలో నాటకం నాడు తమ వైపు రాకుండా, వాకిట్లో తల్లి నిలబడవలసిన చోటనే నిలబడి, "ఏందయ్యా, గా భూమి నాది గాదా?" అన్నాను. చివరి వరుసలోంచి ఒక పెద్దాయన, "నీదే బిడ్డా!" అని లేచి జవాబిచ్చాడు. ఇప్పుడు సూర్యాపేట, కోదాడ సమాజాల వారు అడ్వాన్సు పట్టుకొని మా ఇల్లు వెతుక్కొంటూ వస్తున్నారు. బిడియం పోలేదు, వాళ్లు పారితోషికం ఎంత అని అడిగితే ఇప్పటికీ మా అమ్మ వైపు చూస్తాను. అమ్మ మాత్రం మైకు అక్కర లేకుండానే చెబుతుంది.

కావున నా గురించి తమరు శ్రమపడనక్కర లేదు. మా కథానాయకుడు గారు నేటికీ తమ కింది నుంచి కదలరు గనుక, ఆయన మాటలతో పాటు ఆయన దగ్గును కూడా ఊరంతా వినిపించకుండా దయచూడ ప్రార్థన.

ఇట్లు,
తమ మూడడుగుల జాగాకు ఆవల నిలబడే నటి