తిరుగు రైలెక్కిస్తే బాధ్యత తీరిపోదు

"స్టేషన్లలో, గాజుల కార్ఖానాల్లో దొరికే బిహార్ పిల్లలు మన బాధ్యత కాదు. పని కోసం వాళ్ళంతట వాళ్ళే వస్తారు. మన పన్నుల డబ్బుతో హోముల్లో పెట్టి సాకడం దేనికి? టికెట్ కొనిచ్చి పంపేస్తే చాలు." వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరిగే మాట ఇది. చదువుకున్నవాళ్ళు కూడా అవునంటున్నారు. నాకు మాత్రం ఇందులో నిలబడే ముక్క ఒక్కటీ కనిపించలేదు.

2015 జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం పిల్లల్ని నీది ఏ రాష్ట్రమని అడగదు. 18 ఏళ్ళు నిండని బిడ్డ అయినవాళ్ళెవరూ లేకుండా దొరికితే, ఇలాంటి పిల్లల బాగోగులు తేల్చే, దొరికిన చోటి బాలల సంక్షేమ కమిటీ ముందు 24 గంటల్లో హాజరుపరచాలి. ప్రయాణానికి పట్టే టైమ్ మాత్రం ఇందులో కలపరు. పోలీసులే తేవాలని కూడా లేదు, మనలో ఎవరైనా తీసుకెళ్ళొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా సరే.

"వాళ్ళంతట వాళ్ళే వస్తారు" అన్నది మరీ అన్యాయం. 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీలోని గాజుల తయారీ గదుల్లోంచి పోలీసులు 200 మందికి పైగా పిల్లల్ని విడిపించారు. ఎక్కువ మంది బిహార్ వాళ్ళే. ఇంట్లోవాళ్ళ చేతిలో కొంత అడ్వాన్స్ పెట్టి ఏజెంట్లు తీసుకొచ్చిన పిల్లలు. గాలి ఆడని గదిలో నేల మీద కూర్చుని, పొద్దున్నుంచి రాత్రి దాకా గాజులకు జిగురు రాసి రాళ్ళు అతికించాలి. పదేళ్ళ పిల్లాడు దీన్ని కోరి ఎంచుకున్నాడంటే ఎలా నమ్మాలి? మనుషుల అక్రమ రవాణా కేసులో బాధితుడు ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు చెల్లదు.

"ఆధార్‌లో 19 ఏళ్ళున్నాయి కదా, ఇంకా పిల్లాడెలా అవుతాడు" అంటారు ఇంకొందరు. వయసు తేల్చడానికి చట్టం చెప్పిన వరసలో ఆధార్ లేనే లేదు. ముందు స్కూలు సర్టిఫికెట్, అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని సుప్రీంకోర్టు కూడా 2024లో చెప్పింది.

పన్నుల సంగతికొస్తే, ఈ ఖర్చులో కేంద్రం వాటా కూడా ఉంటుంది. రేపు పలాస పిల్లాడు చెన్నై సెంట్రల్లో ఒంటరిగా దిగితే తమిళనాడు ప్రభుత్వం చూసుకోవాల్సింది కూడా ఈ చట్టం ప్రకారమే.

ఇక టికెట్. ఒంటరిగా రైలెక్కించిన పిల్లాడు బిహార్‌లోని గయ స్టేషన్లో దిగుతాడు. అడ్వాన్స్ ఇచ్చిన ఏజెంట్ అదే ఊళ్ళో ఉంటాడు, ఇంట్లో అప్పు అలాగే ఉంటుంది. ఆ పిల్లాడు మళ్ళీ ఇంకో రైలెక్కకుండా ఆపేదెవరు? అందుకే ముందు ఆ ఇంటి పరిస్థితి విచారించాలి, సొంత జిల్లా కమిటీతో మాట్లాడాలి, ఇంటికి పంపడం బిడ్డకు మేలని తేలితేనే పంపాలి. అప్పుడైనా తోడు లేకుండా పంపకూడదు. ఆదేశం అందిన 15 రోజుల్లో పోలీసులు వెంట తీసుకెళ్ళాలి, ఆడపిల్లయితే మహిళా పోలీసు ఉండి తీరాలి. ప్రభుత్వాన్ని నిలదీయాలనుకునేవాళ్ళు ఈ 15 రోజుల గడువు గురించి అడగండి. మన జిల్లా హోములో ఎంతమంది పిల్లలు ఎస్కార్ట్ కోసం ఎదురుచూస్తున్నారో, ఎన్నాళ్ళుగా చూస్తున్నారో లెక్క చెప్పమనండి.