హాజరు నిండుగా, పని నిండుసున్నా

కొవ్వు రక్తనాళాలను పూడ్చేస్తుందని నిందించడం అందరికీ అలవాటైపోయింది. ఇది దాని ప్రతిభను తక్కువ చేయడమే. పూడ్చడం ఎవరైనా చేస్తారు. పూడిక తీయవలసిన సిబ్బందిని హాజరుపట్టీలో ఉంచుతూనే పని చేయనివ్వకపోవడానికి మాత్రం పాలనాదక్షత కావాలి.

రక్తపు గడ్డలను కరిగించే ఆ శాఖ పని ఇది. గాయమైనచోట ఫైబ్రిన్ అనే ప్రొటీన్ దారాలతో కట్టిన గడ్డ, అవసరం తీరాక కరగాలి. అందుకోసం రక్తనాళపు లోపొర టీపీఏ అనే ప్రొటీన్‌ను వదులుతుంది. అది రక్తంలోని ప్లాస్మినోజెన్ అనే మరో ప్రొటీన్‌ను ప్లాస్మిన్‌గా మారుస్తుంది. ప్లాస్మిన్ ఆ దారాలను తెంపుతుంది. టీపీఏ పదవీకాలం కొద్ది నిమిషాలే, ఆపైన కాలేయం దాన్ని రక్తంలోంచి తొలగిస్తుంది. ఆ నిమిషాలు కూడా దక్కకుండా పీఏఐ-1 అనే నిరోధకం దాన్ని పట్టుకొని కూర్చుంటుంది.

రక్తంలో తిరిగే కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 150 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటారు. అవి హద్దు దాటినవారిలో పీఏఐ-1 కూడా తరచుగా హెచ్చుగానే ఉంటుంది. వాటిని మోసే వీఎల్‌డీఎల్ రేణువులు రక్తనాళపు కణాల చేత, కాలేయ కణాల చేత దాన్ని మరింతగా తయారు చేయించగలవని ప్రయోగశాలల్లో తేలింది. పొట్టలోని కొవ్వు తన వంతు ఎటూ కలుపుతుంది. విచిత్రమేమిటంటే, ఇలాంటివారి రక్తంలో టీపీఏ మొత్తాన్ని కొలిస్తే తక్కువ కాదు సరికదా, ఎక్కువే కనిపించవచ్చు. కాగితం చూసి మురిసిపోవలసిందే! అందులో అధికభాగం పీఏఐ-1 చేతికి చిక్కినదే. స్వేచ్ఛగా తిరిగే టీపీఏ కన్నా ఈ బందీని కాలేయం నిదానంగా తొలగిస్తుంది కనుక, పని చేయనివారే ఎక్కువకాలం కొలువులో ఉంటారు. (ఈ పద్ధతి మరెక్కడా లేదని పాఠకులు నమ్మాలి.)

కాలేయాన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. దాని కణాల మీది ఎల్‌ఆర్‌పీ-1 అనే గ్రాహకం టీపీఏను, పీఏఐ-1తో కలిసిన దాని జంటలను, భోజనం తరువాత మిగిలిన కొవ్వు రేణువుల శేషాలను కూడా లోనికి తీసుకోవాలి. ట్రైగ్లిజరైడ్లు విపరీతంగా పెరిగిన మనిషి రక్తం నుంచి వేరుచేసిన ప్లాస్మాను రాత్రంతా ఫ్రిజ్‌లో నిలబెడితే, గొట్టంలో పైకి తేలే తెల్లని తెట్టును చూసినవారెవరూ ఆ అవయవానికి పని తక్కువని అనరు.

ఇక లైపోప్రొటీన్ లిటిల్ ఎ సంగతి వేరు. 1963లో కోరె బెర్గ్ అనే శాస్త్రవేత్త గుర్తించిన ఈ కొవ్వు రేణువుకున్న ఒక ప్రొటీన్ అచ్చం ప్లాస్మినోజెన్ పోలికలో ఉందని 1987లో బయటపడింది. పోలికే తప్ప ప్లాస్మిన్‌గా మారే యోగ్యత దానికి లేదు. అయినా ఫైబ్రిన్ మీద ప్లాస్మినోజెన్ కూర్చోవలసిన చోటు కోసం పోటీకి మాత్రం వస్తుంది. దీని మోతాదు ప్రధానంగా వంశపారంపర్యం, కాబట్టి నియామకంలో అక్రమాలు జరిగాయని ఆరోపించే వీలు కూడా లేదు.

మామూలు లిపిడ్ పరీక్షలో ఈ మారువేషగాడి పేరు గాని, పీఏఐ-1 పేరు గాని ఉండదు. ఇంతా చేసి ఈ శాఖలో క్రమశిక్షణ లేదనుకుంటే పొరపాటే: పీఏఐ-1 రోజూ వేకువన ఠంచనుగా గరిష్ఠానికి చేరుతుంది, గుండెపోట్లు కూడా ఉదయం పూటే ఎక్కువ.