ఎన్ని కోట్లు చాలు అని అడిగే ముందు, ఏ నెలలో దిగుతున్నారో చూసుకోండి

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు వైపు ఏ అపార్ట్‌మెంట్‌లో నలుగురు తెలుగువాళ్లు కలిసినా, వాళ్లలో ఒకరిద్దరు అమెరికా నుంచో లండన్ నుంచో తిరిగొచ్చినవాళ్లు ఉంటారు, లేదంటే వచ్చేద్దామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు ఫోన్‌లో ఉంటారు. మాట ఎటు తిరిగినా చివరికి ‘ఎన్ని కోట్లుంటే చాలు?’ దగ్గరికే వస్తుంది. ఒకాయన ఐదంటాడు, ఇంకొకాయన ఇక్కడి స్కూలు ఫీజులు కలుపుకుని పదంటాడు. ఆ సొమ్ము ఏ దేశంలో ఏ చట్టం కింద ఉంది, మనం ఏ తేదీన దిగుతున్నాం అని మాత్రం ఎవరూ అడగరు. నా ఉద్దేశంలో ముందు తేల్చుకోవాల్సింది అదే, ఎందుకంటే ఒకే మొత్తం దాచుకున్న ఇద్దరిలో ఒకరికి నిండుగా, ఇంకొకరికి భారీ కోతతో చేతికొచ్చేది దీనివల్లే.

చాలామంది పిల్లల స్కూలు చూసుకుని ఏప్రిల్, మే నెలల్లో వచ్చేస్తారు. పదిహేనేళ్లు బయట ఉండి, ఏడాదికో నెల సెలవుకు వచ్చిపోయిన మనిషి 2026 ఏప్రిల్‌లో దిగాడనుకోండి. ఆదాయపన్ను లెక్కల్లో ‘రెసిడెంటే గానీ ఆర్డినరీ రెసిడెంట్ కాదు’ అనే హోదా, ఆడిటర్లు ఆర్‌ఎన్‌ఓఆర్ అంటారు, అతనికి 2028 మార్చితో అయిపోతుంది. అదే అక్టోబర్ మధ్యలో దిగితే ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడున్నది 182 రోజులకు తక్కువ కాబట్టి ఆ ఏడాదికి ఎన్నారైగానే ఉండిపోతాడు, ఆ పైన రెండేళ్లు ఆర్‌ఎన్‌ఓఆర్, అంటే 2029 మార్చి దాకా. ఆరు నెలలు ఆగినందుకు ఏడాది కలిసొచ్చింది.

ఆ ఏడాదిలో ఏముంది అంటారా? ఆర్‌ఎన్‌ఓఆర్‌గా ఉన్నంతకాలం విదేశంలో వచ్చే ఆదాయం మీద, ఇక్కడి నుంచి నడిపే వ్యాపారం అయితే తప్ప, మన దగ్గర పన్ను లేదు. గ్రీన్‌కార్డు గానీ అమెరికా పౌరసత్వం గానీ లేనివాళ్లు ఆ దేశం వదిలేశాక అక్కడి షేర్లు అమ్ముకుంటే, ఆ లాభం మీద మామూలుగా అమెరికా కూడా పన్ను వేయదు. కంపెనీ ఇచ్చిన షేర్లు ఏళ్ల తరబడి పెరిగి ఉన్నవాళ్లు అమ్మాల్సింది సరిగ్గా అప్పుడే, కాకపోతే డబ్బు ముందు అక్కడి ఖాతాలో పడాలి, నేరుగా ఇక్కడి బ్యాంకులో పడితే లెక్క మారిపోతుంది. కానీ మనవాళ్లకు ఆ రెండేళ్లూ కొత్త ఫ్లాట్ ఇంటీరియర్స్‌తో, స్కూలు అడ్మిషన్లతో గడిచిపోతాయి. మూడో ఏడు రిటర్న్ వేసేటప్పుడు ఆడిటర్ అడిగితే అప్పుడు గుర్తొస్తుంది.

401కె, అంటే అమెరికాలో కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా, దాని సంగతి వేరు, దాని విషయంలో కంగారు అక్కర్లేదు. యాభై తొమ్మిదిన్నర ఏళ్లు నిండకముందు తీస్తే మామూలుగా పన్నుకు తోడు 10 శాతం జరిమానా. ఉంచేస్తే ఇంకో చిక్కు: అమెరికా తీసుకున్నప్పుడే పన్ను వేస్తుంది, మన పన్నుశాఖ మాత్రం మీరు పూర్తి రెసిడెంట్ అయ్యాక ఏటా పెరిగినదాని మీద వేయొచ్చు. దీనికి 2021లో అప్పటి ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ 89ఏ తెచ్చారు. దానికి పెట్టిన ఫారం ఇస్తే తీసుకునేదాకా ఇక్కడా పన్ను ఆగుతుంది, ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడానికి లేదు. ఈ వెసులుబాటు అమెరికా, బ్రిటన్, కెనడా ఖాతాలకే, ‘సూపర్’ అనే ఆస్ట్రేలియా రిటైర్మెంట్ ఖాతా ఆ జాబితాలో లేదు. ఖాతా వివరాలు మాత్రం ఏటా రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో రాయాల్సిందే, దాచితే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా దాకా వెళ్తుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదేదీ కాదు, చావు పన్ను, అంటే పోయినవాళ్ల ఆస్తి మీద వేసే ఎస్టేట్ పన్ను. మన దేశం ఎస్టేట్ డ్యూటీని 1985లోనే తీసేసింది కాబట్టి ఆ ఆలోచనే మనకు రాదు. అమెరికాలో స్థిరపడినవాళ్లకు 2026లో 1.5 కోట్ల డాలర్ల దాకా మినహాయింపు ఉంది. పౌరసత్వం లేకుండా బెంగళూరు వచ్చి స్థిరపడ్డాక ఆ మినహాయింపు 60 వేల డాలర్లు, అంతే. అక్కడి షేర్లు, 401కె అన్నీ లెక్కలోకి వస్తాయి, రేటు 40 శాతం దాకా పోతుంది, ఈ పన్ను మీద రెండు దేశాల మధ్య ఒప్పందమూ లేదు. టర్మ్ ఇన్సూరెన్స్ గురించి గంటసేపు మాట్లాడేవాళ్లు ఈ అంకె విని నమ్మరు. దీనికి తోడు, ఖాతాలోకి లాగిన్ అవ్వాలంటే ఓటీపీ అమెరికా నంబర్‌కే వెళ్తుంటే, ఆ నంబర్ ఎప్పుడో వదిలేసి ఉంటే, ఇంట్లో మిగిలిన మనిషి ఆ డబ్బు కోసం ఎంత తిరగాలో ఊహించుకోండి.

గల్ఫ్‌లో మనవాళ్లకు ప్రభుత్వ పెన్షన్ లేదు. యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆ పైన 30 రోజులది గ్రాట్యుటీగా వస్తుంది, అదీ మొత్తం రెండేళ్ల జీతానికి మించకుండా. బ్రిటన్ ప్రభుత్వ పెన్షన్ ఇక్కడికి వస్తుంది గానీ, మన దేశంలో ఉంటే మొదట ఎంత మొదలైందో చివరిదాకా అంతే, ఫిలిప్పీన్స్‌లో ఉన్నవాళ్లకు మాత్రం ఏటా పెంచుతారు. ఎందుకంటే వాళ్లకు ఒప్పందం ఉంది, మనకు లేదు.

అమెరికాతోనూ అదే గొడవ, రెండు చోట్లా పనిచేసిన కాలాన్ని కలిపి లెక్కించే సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు. జీతంలో 6.2 శాతం సోషల్ సెక్యూరిటీకి కోస్తారు, కంపెనీ ఇంకో 6.2 కడుతుంది, పెన్షన్ రావాలంటే సంపాదనను బట్టి పడే క్రెడిట్లు 40 కావాలి. ఏడాదికి నాలుగే, హెచ్1బీ ఆరేళ్లకు సుమారు 24. అక్కడితో తిరిగొచ్చినవాళ్లు కట్టింది కట్టినట్టే పోతుంది. దోపిడీ అని తిట్టుకుంటాం, సరే, మరి మనం? 2008 నుంచి మన ఈపీఎఫ్ కూడా ఒప్పందం లేని దేశాల నుంచి వచ్చి ఇక్కడ పనిచేసేవాళ్ల పూర్తి జీతం మీద కోసి, 58 ఏళ్ల దాకా ఇవ్వనంటోంది. 2024 ఏప్రిల్‌లో ఇదే బెంగళూరులో కర్ణాటక హైకోర్టు ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది, 2025 నవంబర్‌లో ఢిల్లీ హైకోర్టు మాత్రం అదే నిబంధనను సమర్థించింది. ఇలా ఒకరి ఉద్యోగుల డబ్బు ఒకరు పట్టుకుని ఒత్తిడి తేవడం నాకు నచ్చదు. జర్మనీ, జపాన్‌లతో కుదిరిన ఒప్పందం అమెరికాతో ఇన్నేళ్లయినా కుదరలేదంటే ఆ ఒత్తిడి పనిచేయలేదనే అర్థం.

ఒప్పందం ఎప్పుడొస్తుందో అని కూర్చోకుండా తిరుగు టికెట్ కొనే ముందు క్రెడిట్లు చూసుకోండి. 2026లో 1,890 డాలర్ల సంపాదనకు ఒక క్రెడిట్, అంటే 7,560 డాలర్లు వస్తే ఏడాదివి నాలుగూ వచ్చేసినట్టే, అది జనవరి జీతంతోనే వచ్చినా సరే. 36 దగ్గరున్న మనిషి డిసెంబర్‌లో రాజీనామా చేయడానికీ ఫిబ్రవరిలో చేయడానికీ తేడా, 62 దాటాక బెంగళూరులో కూర్చుని నెలనెలా డాలర్లలో పెన్షన్ తీసుకోవడమా, లేదా అన్నంత.