కోరెల్‌లో అడ్డంగా లాగితే వైడ్ ఫాంట్ అయిపోదండీ

మన హైదరాబాద్ డిజైనింగ్, ఫ్లెక్స్ గ్రూపుల్లో ఈమధ్య ఒకటే ఫార్వర్డ్ తిరుగుతోంది. వైడ్ జామెట్రిక్ ఫాంట్, అంటే వృత్తాలూ సూటి గీతలతో కట్టినట్టుండే వెడల్పాటి అక్షరాలు, బ్రహ్మవిద్యేం కాదంట, స్కేలూ కంపాసూ ఉంటే ఎవడైనా గీసేస్తాడంట, అదీ వద్దంటే మామూలు ఫాంట్‌ని కోరెల్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అడ్డంగా 150 శాతం లాగితే చాలంట, ఏ బోర్డుకైనా రిచ్ లుక్ అంట, తెలుగులో అయితే అసలు వైడ్ ఫాంట్లే లేవంట.

ముందు ఆ లాగుడు సంగతి చూద్దాం. ఇంగ్లీష్ హెచ్ తీసుకోండి, రెండు నిలువు గీతలు, మధ్యలో ఒక అడ్డగీత. 150 శాతం లాగితే నిలువు గీతలు ఒకటిన్నర రెట్లు లావెక్కుతాయి, అడ్డగీత మాత్రం ఎంతుందో అంతే ఉంటుంది. ఇంగ్లీష్ అక్షరం ఓ (O) అయితే పక్కలు ఉబ్బిపోయి పైనా కిందా పీక్కుపోయినట్టు తయారవుతుంది. అసలైన వైడ్ ఫాంట్‌లో పెరిగేది లోపలి ఖాళీ, గీత మందం చెడదు, అక్షరాల మధ్య ఎడం కూడా మళ్ళీ కూర్చుని సరిచేస్తారు. 1952లో ఇటలీ నెబియోలో ఫౌండ్రీ, అంటే అచ్చు అక్షరాలు పోతపోసే కంపెనీ, నుంచి మైక్రోగ్రామా అనే వైడ్ ఫాంట్ వచ్చినప్పుడు అన్నీ సీసం అచ్చులు, లాగుదామన్నా వీల్లేదు, వెడల్పు రకం కావాలంటే విడిగా గీసి పోత పోయాల్సిందే.

కంపాస్ మాటకొస్తే, జామెట్రిక్ అనగానే అందరూ చెప్పేది జర్మన్ డిజైనర్ పాల్ రెన్నర్ 1927లో తెచ్చిన ఫ్యూచురా ఫాంట్. చూడ్డానికి కంపాస్‌తో గీసినట్టే ఉంటుంది, కానీ కన్ను మోసం చేస్తుంది కదా, ఒకే మందం పెడితే నిలువు గీతకన్నా అడ్డగీత లావుగా కనపడుతుంది, అందుకే దాన్ని కొంచెం తగ్గిస్తారు. ఓ ని కూడా హెచ్ ఎత్తులోనే పెడితే పొట్టిగా అనిపిస్తుందని పైకీ కిందకీ వెంట్రుకవాసి దాటిస్తారు. ఇవన్నీ కంపాస్‌కి ఎవడు చెప్తాడు?

ఏ బోర్డుకైనా అన్నది మరీ అన్యాయం. హైదరాబాద్ అని ఇంగ్లీష్‌లో రాస్తే 9 అక్షరాలు. 10 అడుగుల బోర్డు మీద మామూలు ఫాంట్‌లో ఎంత ఎత్తు వస్తాయో, ఒకటిన్నర రెట్లు వెడల్పున్న వైడ్‌లో దాంట్లో మూడింట రెండొంతుల దగ్గరే ఆగిపోతాయి. అంటే రిచ్ లుక్ కోసం దూరం నుంచి కనపడ్డం పోగొట్టుకున్నట్టే. మెట్రో పిల్లర్‌కి కట్టే నిలువు బోర్డు అయితే ఇక అడగొద్దు. నాలుగైదు అక్షరాల పేరున్న కెఫేకో జిమ్‌కో పెట్టండి, బ్రహ్మాండంగా ఉంటుంది. పాంఫ్లెట్‌లో పేరాలు మాత్రం కొట్టకండి ప్లీజ్.

ఇక తెలుగులో లేవన్నది శుద్ధ అబద్ధం. ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వాళ్ళ అనేక్ తెలుగు ఫాంట్ గూగుల్ ఫాంట్స్‌లో ఫ్రీగా ఉంది, పక్కా జామెట్రిక్ కాదు గానీ వెడల్పు 75 నుంచి 125 శాతం దాకా మార్చుకోవచ్చు, గీతలు చెడవు. అంబర్‌పేట అని మీ పాత ఫాంట్‌లో కొట్టి లాగండి, అదే పేరు అనేక్‌లో వెడల్పు పెంచి పక్కన పెట్టండి, ముందుగా ఆ సున్నాని చూడండి, లాగినదాంట్లో కోడిగుడ్డులా సాగి ఉంటుంది. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు, అంటే అను ఫాంట్లకి అలవాటు పడ్డ చేతులకి అనేక్‌కి కావాల్సిన యూనికోడ్ టైపింగ్ చిరాకే, అది వేరే గొడవ. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, వెడల్పు పెంచినా స్త్రీ లాంటి అక్షరం కిందకి దిగేది దిగుతూనే ఉంటుంది, లైన్ స్పేస్ వదలకుండా వత్తు కింది లైన్‌కి తగిలిందని ఫాంట్‌ని తిట్టొద్దు.