ఈస్ట్ మాత్రలతో డీఎన్ఏ అతుక్కోదు

"తెగిన డీఎన్ఏను ఈస్ట్ క్షణాల్లో అతికించుకుంటుంది. ఆ పని చేసేది రాడ్51 అనే ప్రోటీన్. మనలోనూ అదే ఉంది. ఎంత పెరిగితే అంత మంచిది. కీమో, రేడియేషన్ నడుస్తున్నవాళ్లు రోజూ ఈస్ట్ మాత్రలు వేసుకోండి." ఏ గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్. చదువుకున్నవాళ్లే పంపుతున్నారు.

క్షణాల్లో కాదు. ల్యాబులో ఈస్ట్‌కు గెలాక్టోజ్ అనే చక్కెర ఇచ్చి, దాంతో పుట్టే హెచ్‌ఓ అనే కోత ఎంజైముతో డీఎన్ఏను మ్యాట్ అనే చోట తెంపితే అతకడానికి గంట పైనే పడుతుంది.

రాడ్51 ఒక్కటే చేసే పనీ కాదు. సే2 అనే ప్రోటీన్‌లోని 267వ అమైనో ఆమ్లం సెరీన్‌కు సీడీకే1 అనే ఎంజైము ఫాస్ఫేటు తగిలిస్తేనే, ఎంఆర్‌ఈ11 అనే మరో ఎంజైము తెగిన కొసను కోయడం సరిగా మొదలుపెడుతుంది. ఆ సెరీన్‌ను అలనిన్‌గా మారిస్తే సే2ను మొత్తం తీసేసినట్టే. కోశాక బయటపడ్డ డీఎన్ఏ ఒంటిపోగును ఆర్‌పీఏ అనే ప్రోటీన్ కప్పేస్తుంది. రాడ్52 అనే ఇంకో ప్రోటీన్ అటు ఆర్‌పీఏనూ ఇటు రాడ్51నూ పట్టుకుని, ఒకదాన్ని తప్పించి రెండోదాన్ని కూర్చోబెడుతుంది. రాడ్52 లేని ఈస్ట్‌లో రాడ్51 ఉన్నా పోగు మీదికి ఎక్కలేదు.

ఇక "ఎంత పెరిగితే అంత మంచిది". ఇది రాసినవాళ్లకు ఎస్‌ఆర్‌ఎస్2 అనే ప్రోటీన్ పేరైనా తెలుసా? పోగు మీద కూర్చున్న రాడ్51ను ఊడగొట్టడమే దాని పని. డీఎన్ఏ నకలు తయారయ్యే చోట సుమో అనే చిన్న ప్రోటీన్ తగిలిన పీసీఎన్‌ఏ (నకలు తీసే ఎంజైమును డీఎన్ఏకు పట్టి ఉంచే ఉంగరం లాంటి ప్రోటీన్) దాన్ని పిలిపించుకుంటుంది, అక్కడ రాడ్51 అనవసరంగా చేరకుండా. ఎస్‌ఆర్‌ఎస్2నూ, డీఎన్ఏ చిక్కులు విప్పే ఎస్‌జీఎస్1 అనే ప్రోటీన్‌నూ రెండింటినీ తీసేస్తే ఈస్ట్ పెరగడమే గగనం. వాటితోపాటు రాడ్51ను కూడా తీసేయండి, తేరుకుంటుంది! అంటే ఆ కణాన్ని చంపుతున్నది అదుపు తప్పిన రాడ్51 మరమ్మతే.

"మనలోనూ అదే ఉంది" అన్న మాట మాత్రం నిజం. మన రాడ్51కు ఆ పేరు వచ్చిందే ఈస్ట్ నుంచి. కాకపోతే దాన్ని పోగు మీద కూర్చోబెట్టే పని మనలో ముఖ్యంగా బీఆర్‌సీఏ2 అనే ప్రోటీన్‌ది. ఈస్ట్‌లో అది లేనే లేదు.

అసలు ప్రమాదం చివరి వాక్యంలో ఉంది. రేడియేషన్ కణితిని చంపేదే దాని డీఎన్ఏను తెంపి. మాత్ర నిజంగా మరమ్మతును పెంచితే కణితి కూడా బాగుపడుతుంది. అదృష్టం కొద్దీ పెంచదు: మాత్రలోది చచ్చిన ఈస్ట్, అందులోని ప్రోటీన్ కడుపులోనే అరిగిపోతుంది. బతికున్న ఈస్ట్ క్యాప్సూళ్లు అలా కాదు. తెల్లకణాలు పడిపోయినవాళ్లలో, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టం) ఉన్నవాళ్లలో ఆ ఈస్ట్ రక్తంలోకి చేరి ఫంజీమియా (రక్తంలో ఫంగస్ ఇన్ఫెక్షన్) తేవచ్చు. క్యాప్సూల్ పొడి అంటిన చేతులతో లైన్‌ను తాకినా చాలు. మీ ఇంట్లో ఎవరికైనా ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపేసి, ఆ సీసా పట్టుకెళ్లి ఆంకాలజిస్టుకు చూపించండి.