పొదిగే పెట్టే పెట్టుబడి

పెరట్లో నాలుగు కోళ్లు పెంచుదామనుకోగానే అందరూ అడిగేది ఒకటే: ఏ కోడి ఎక్కువ గుడ్లు పెడుతుంది? ఖర్చు తగ్గించుకోవాలంటే అడగాల్సింది అది కాదు. ఏ కోడి పొదుగుతుందో అడగాలి.

గుడ్డు ధర, మాంసం ధర సంగతి విశాఖలో సంచి పట్టుకుని రైతుబజారుకు వెళ్లొచ్చే ఎవరికైనా తెలుసు. పెందుర్తి, ఆనందపురం వైపు కాస్త జాగా ఉన్నవాళ్లు కోళ్ల మాట ఎత్తేది అందుకే.

హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన గ్రామప్రియ రకం కోడి ఏడాదికి 200 దాకా గుడ్లు పెట్టగలదు. నాటు పెట్ట 50, 60 దగ్గరే ఆగిపోతుంది. నిజమే. కానీ అన్ని గుడ్లు రావాలంటే మేత కొనాలి. గుడ్లకోడి రోజుకు 110 గ్రాములకు పైగా తింటుంది, అంటే ఏడాదికి 40 కిలోలు. పైగా ఈ రకం పొదగదు. దాని గుడ్లను వేరే పెట్ట కింద పెట్టి పిల్లలు చేయించినా తల్లి గుణం పూర్తిగా రాదు. మళ్లీ కోడిపిల్లలమ్మే హేచరీ గుమ్మం ఎక్కాల్సిందే.

మా ఎర్ర పెట్టను చూడండి. చీకటి పడ్డాక గంపలో గడ్డి పరిచి, కింద పది గుడ్లు పెట్టాం. అన్నీ వారం లోపువే, పగుళ్లు లేనివే. ఏడో రోజు రాత్రి ఫోన్ టార్చ్ మీద గుడ్డు పెడితే లోపల సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపించాయి. అలా కనిపించని రెంటిని తీసేశాం. 21వ రోజుకి ఎనిమిది పిల్లలు. బల్బు అక్కర్లేదు, కరెంటు బిల్లు లేదు. గద్ద నీడ పడితే చాలు, ఎనిమిదీ రెక్కల కిందకి. ఈ పని డబ్బిచ్చి చేయించాలంటే ఎంతవుతుందో లెక్కేయండి. మనం చేసిందల్లా కొక్కెర తెగులు రాకుండా వారం రోజుల పిల్లల కంట్లో లసోటా టీకా చుక్క వేయించడమే.

మరి నాటుకోడి ఎందుకు చిన్నబోయింది? మన చేతులారా చేసుకున్నదే. చుట్టాలొస్తే బాగా బలిసిన పుంజునే కోస్తాం. మిగిలిన పీల పుంజే వచ్చే ఏటి పిల్లలకు తండ్రి. అది కూడా సొంత చెల్లెళ్లతోనే. ఎనిమిది, పది పెట్టలకు ఒక మంచి పుంజు చాలు, ఏడాదికోసారి పక్క ఊరి పుంజుతో మార్చుకుంటే చాలు. పైసా ఖర్చు లేదు.

ఇది కోళ్లతో ఆగే సంగతి కాదు. ఒకప్పుడు వంగ, బీర, చోళ్లు (రాగులు), ఏ పంటలోనైనా మొదటి మంచి కాయనో కంకినో విత్తనానికి వదిలేవారు. బూడిద కలిపి కుండలో దాచేవారు. ఇప్పుడు విత్తనం ప్యాకెట్లో వస్తోంది, కోడిపిల్ల డబ్బాలో వస్తోంది. ధర ఎంతంటే అంత ఇచ్చి తెచ్చుకుంటున్నాం. విత్తనం చేజారిన ఇంటికి పొదుపు ఎక్కడిది?

ఈ సంక్రాంతికి ఏ పుంజును కోయాలో తేల్చుకునే ముందు ఇంట్లో ఆడవాళ్లను అడగండి. అది ఏ పెట్ట పిల్లో, ఆ పెట్ట ముంగిస నోటబడకుండా ఎన్నింటిని దక్కించుకుందో వాళ్లకే గుర్తుంటుంది.