చిటికెన వేలు, మంచం కోడు, మ్యూట్ బటన్

నిన్న ఆన్‌లైన్ మీటింగు మధ్యలో చార్జర్ కోసం లేచాను. రెండడుగులు వేశానో లేదో, కుడికాలి చిటికెన వేలు మంచం కోడుకు ఠంగున తగిలింది. ఆ మంచాన్ని మొన్న జానెడు ఇటు జరిపిందెవరో చెప్పను. ఒకే ఇంట్లో బతకాలి.

ఇక్కడ ఒక్క సెకను గురించి చెప్పుకోవాలి. నొప్పి కబురు మోసే నరాలు రెండు రకాలు. సన్నటి తొడుగున్నవి సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో పరుగెత్తుకొచ్చి, 'చురుక్' అని చెప్పేసి పోతాయి. తొడుగు లేనివి సెకనుకు మీటరు చొప్పున కాళ్లీడ్చుకుంటూ వస్తాయి. అసలు సలుపు మోసుకొచ్చేది ఇవే. వేలి నుంచి వెన్నుపాము దాకా దారి దాదాపు మీటరు. అంటే చురుక్కుమన్నాక, ప్రాణం పోయేలోపు, మనిషికి ఒక సెకను గడువుంటుంది.

ఆ గడువులో నేను ధీరోదాత్తంగా నవ్వి, "ఏం లేదండీ, మీరు కానివ్వండి" అన్నాను.

అప్పుడొచ్చింది రెండోది.

"ఓరి నాయనోయ్!"

మ్యూట్‌లో లేను. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లను తెరంతా పరిచి చూపించడం ఆ యాప్ గొప్పతనం. మ్యూట్ చేద్దామంటే ఆ బటన్‌ను మొన్నటి అప్‌డేట్‌లో ఎక్కడో దాచారు. ఒంటికాలి మీద కొంగలా గెంతుతూ దాన్ని వెతికాను. సరిగ్గా అప్పుడే మా బాసు కస్టమర్ల 'పెయిన్ పాయింట్ల' గురించి చెబుతున్నారు.

మేం చదువుకునే రోజుల్లో ఇలాంటి దెబ్బను పసిగట్టేది చర్మంలోని ఉత్త నరాల కొసలే అనేవారు. 2019లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఎలుకల చర్మంలో చూస్తే, ఆ కొసల చుట్టూ వలలా అల్లుకుని నరాలకు అండగా ఉండే ష్వాన్ కణాలు కూడా సూదిపోటును, నొక్కుడును పసిగట్టి నరానికి అందిస్తున్నాయట. బయట ఏ మూల ఏం జరిగినా లోపలికి చేరవేసే చాడీకోర్లు!

వేలు రుద్దుకుంటే కాస్త నయమనిపించింది. స్పర్శ కబుర్లు వెన్నుపాము దగ్గర నొప్పికి అడ్డుపడతాయని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లోనే చెప్పారు. కానీ కెమెరా ముందు పాదం ఒళ్లో పెట్టుకుని రుద్దుకుంటే ఎలా ఉంటుందో వాళ్లు చెప్పలేదు. సాయంత్రం అందరికీ రికార్డింగ్ వచ్చాక నాకే తెలిసింది.

మంచం జరిపిన మనిషి వచ్చి, వంగి, పరీక్షగా చూసి, "కోడుకేం కాలేదుగా?" అని అడిగి వెళ్లారు.